డిశ్చార్జి అయ్యాక మొదలయ్యే పని

మీ ఇంట్లో ఒకరు గ్యాస్ గీజరున్న స్నానాలగదిలో పడిపోయారు. లేదా రాత్రి కరెంటు పోతే, చెరువు గట్టు మీది మకాంలో జనరేటరు వేసి, దోమలకు భయపడి తలుపులు బిగించి పడుకున్న మీ తమ్ముడు తెల్లారేసరికి లేవలేదు. 108 వచ్చింది. ఏలూరో భీమవరమో తీసుకెళ్లారు. ఆక్సిజన్ పెట్టారు. కళ్లు తెరిచాడు. రెండోరోజో మూడోరోజో ఇంటికి పంపించారు. చూడటానికొచ్చిన చుట్టాలు "గండం గడిచింది, దిష్టి తీసెయ్యండి" అని చెప్పి వెళ్లారు. మీకూ మనసు కుదుటపడింది.

మూడు వారాలకు ఏదో తేడా కనిపించింది. అన్నం తిన్న అరగంటకే "ఇంకా వడ్డించవా?" అని అడుగుతున్నాడు. ఏ చెరువుకు ఎన్ని కట్టలు మేత వేశాడో చెప్పలేక తడుముకుంటున్నాడు. చీటికీమాటికీ కసురుకుంటున్నాడు. అడుగు ఎత్తి వేయడం లేదు, నేలమీద జరుపుతూ నడుస్తున్నాడు. ఇదంతా ఆ రాత్రి పీల్చిన గాలి వల్లేనా? లేక వేరే జబ్బా? ఎవరిని అడగాలి? ఎక్కడ వెతకాలి?

ఈ అధ్యాయం మీకోసమే. కార్బన్ మోనాక్సైడ్ మనిషి ఒంట్లో ఏళ్ల తరబడి ఏం చేస్తుందో తెలుసుకోవడానికి మీరు డాక్టరు కానక్కర్లేదు. ఒక నోటుబుక్కు, కొంచెం ఓపిక, సరైన ప్రశ్నలు ఉంటే చాలు. ఒక్కటి మాత్రం మొదటే చెబుతాను: ఈ విషం తాలూకు దీర్ఘకాలపు కథను ముందుగా పట్టుకునేది మిషన్లు కావు, ఇంట్లోవాళ్ల కళ్లు. మీరు చూసింది రాసిపెడితేనే డాక్టరు చేతికి ఆధారం దొరుకుతుంది.

ముందు తెలియాల్సిన నాలుగు మాటలు

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. బొగ్గు, కట్టెలు, గ్యాసు, పెట్రోలు, డీజిలు ఏది మండినా, గాలి చాలక సరిగ్గా మండనప్పుడు ఇది ఎక్కువగా పుడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో మెదడుకు, గుండెకు అందాల్సిన ప్రాణవాయువు అందదు. అంతటితో ఆగదు. రక్తంలోంచి ఈ గ్యాసు వెళ్లిపోయాక కూడా నరాల మీది పొర దెబ్బతింటూ ఉండొచ్చు. అందుకే బాగా కోలుకున్నాడనుకున్న మనిషికి 2 నుంచి 40 రోజుల మధ్య కొత్తగా మతిమరుపు, నడకలో తేడా, మూత్రం ఆపుకోలేకపోవడం, ముభావం మొదలవ్వొచ్చు. డాక్టర్లు దీన్ని 'డిలేయ్‌డ్ న్యూరలాజికల్ సీక్వెలే' అంటారు. అంటే ఆలస్యంగా బయటపడే నరాల దెబ్బ.

మన ప్రాంతంలో ఇది ఎక్కడ పొంచి ఉంటుంది? చెరువు మీద జనరేటరు షెడ్డుకు ఆనుకుని ఉన్న పడకగదిలో. అపార్టుమెంటులో కిటికీ లేని స్నానాలగదిలో. చలికాలం బాలింత గదిలో పెట్టే బొగ్గుల కుంపటిలో. బావిలోకి దింపి నడిపే ఆయిల్ ఇంజన్లో. షట్టరు దించిన గ్యారేజీలో ఏసీ వేసుకుని పడుకున్న కారులో. ఫ్యాక్టరీల సంగతి వేరే చెప్పాలా? 2018 జూలై 12న అనంతపురం జిల్లా తాడిపత్రి ఉక్కు కర్మాగారంలో ఈ గ్యాసే లీకై ఆరుగురు కార్మికులు చనిపోయారు. చనిపోయినవాళ్ల లెక్క పేపర్లో వస్తుంది. బతికి బయటపడ్డవాళ్లు ఆరు నెలల తర్వాత ఎలా ఉన్నారన్నది ఏ పేపర్లోనూ రాదు. ఆ లెక్క ఇంట్లోనే రాసుకోవాలి.

ఎలా రాయాలో, ఎలా వెతకాలో వరుసగా చూద్దాం.

1. మొదటి గంటల కాగితాలు పోగుచేయండి

అన్నిటికన్నా ముందు ఇదే. ఎందుకంటే ఈ విషం ఆనవాలు ఉంచదు. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలో దాని మోతాదు సుమారు 5 గంటల్లో సగానికి పడిపోతుంది. మాస్కుతో శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలోనే సగమవుతుంది. మర్నాడు రక్తం తీస్తే రిపోర్టు నార్మల్‌గా వచ్చినా ఆశ్చర్యం లేదు.

2020 డిసెంబరు మీకు గుర్తుండే ఉంటుంది. ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ నుంచి నిపుణులు వచ్చారు. రక్తం, నీళ్లు, కూరగాయలు, పాలు అన్నీ పరీక్షకు పంపారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది. ఆ విషం వేరు, ఇది వేరు. కానీ పాఠం ఒకటే: అప్పటికప్పుడు తీసిన నమూనాలే తర్వాత మాట్లాడతాయి.

కాబట్టి ఆసుపత్రి నుంచి ఇవి అడిగి తెచ్చుకోండి:

• కేసు షీటు మొత్తం నకలు. డిశ్చార్జి చీటీ ఒక్కటే సరిపోదు.
• కార్బాక్సీహిమోగ్లోబిన్ పరీక్ష (రక్తంలో ఈ గ్యాసు ఎంతుందో చూసేది) చేశారా? చేస్తే ఎంత వచ్చింది, ఎన్ని గంటలకు రక్తం తీశారు?
• ఆక్సిజన్ ఎప్పుడు మొదలుపెట్టారు, ఎంతసేపు ఇచ్చారు?
• ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్షల కాగితాలు.
• తల స్కాన్ చేసి ఉంటే ఫిల్ము లేదా సీడీ, రిపోర్టుతో సహా.

"కాగితాలు ఇవ్వం" అంటే ఏం చేయాలి? గొడవ పడకండి. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగిగానీ, ఆయన అధికారం ఇచ్చినవాళ్లుగానీ అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. వార్డులో చేరిన రోగి రికార్డులు 3 ఏళ్లు భద్రపరచాలి. ఈ సంగతి మర్యాదగా గుర్తుచేస్తే చాలాచోట్ల పని అవుతుంది.

ఆసుపత్రి కాగితాల్లో ఉండని వివరాలు మీరే రాయండి. ఎన్ని గంటలకు పడుకున్నాడు, ఎన్ని గంటలకు కనిపించాడు, జనరేటరు ఎంత దూరంలో ఉంది, కిటికీ తెరిచి ఉందా, ఎంతసేపు స్పృహ లేదు, పక్కన ఇంకెవరికైనా తలనొప్పో వాంతులో అయ్యాయా. ఆ గది ఫొటోలు నాలుగు తీసి పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత అడిగితే ఎవరికీ ఏమీ గుర్తుండదు.

2. చెరువుకు రాసినట్టే మనిషికీ రాయండి

ఉండి, ఆకివీడు, కొల్లేరు పక్కన రొయ్యల చెరువు చేసేవాళ్లకు రికార్డు రాయడం కొత్త కాదు. పొద్దున డీవో (నీటిలోని ఆక్సిజన్) ఎంత, పీహెచ్ ఎంత, చెక్ ట్రేలో మేత మిగిలిందా, నీటి రంగు మారిందా అని రోజూ రాస్తారు. ఒక్కరోజు అంకె చూసి ఎవరూ కంగారుపడరు. నాలుగు రోజుల వరుస చూసి "ఏదో తేడా వస్తోంది" అని పట్టేస్తారు. మనిషి విషయంలోనూ అంతే. ఒక్కరోజు మతిమరుపు ఎవరికైనా ఉంటుంది. వారం రోజుల వరుసే అసలు విషయం చెబుతుంది.

పేజీ ఎలా ఉండాలి? ఇదిగో, ఇలా:

"19వ రోజు. నిద్ర: రాత్రి రెండుసార్లు లేచాడు. తలనొప్పి: పొద్దున కొంచెం. నడక: గుమ్మం దగ్గర తూలాడు. మాట: అడిగినదానికే జవాబు, తనంతట తాను మాట్లాడలేదు. మతి: కిరాణా కొట్లో నాలుగు వస్తువులు చెబితే రెండే తెచ్చాడు. కోపం: పిల్లల మీద అరిచాడు, ఎప్పుడూ అరవడు. మూత్రం: తేడా లేదు. గుండె దడ: లేదు."

చూశారా? 'బాగాలేదు', 'నీరసంగా ఉన్నాడు' అన్న మాటలు ఇందులో లేవు. జరిగింది జరిగినట్టు ఉంది. డాక్టరుకు పనికొచ్చేది ఇదే. రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఒకే మనిషి, ఒకే వేళకు రాస్తే మంచిది. దెబ్బ తగలకముందు ఆయన ఎలా ఉండేవాడో మొదటి పేజీలో రాయండి: ఎంత చదువుకున్నాడు, లెక్కలు నోటితో చేసేవాడా, కోపిష్టా శాంతమా, బండి నడిపేవాడా, బీపీ, షుగరు ఉన్నాయా, మందు అలవాటుందా. ఆ పేజీ లేకపోతే మార్పును దేనితో పోలుస్తారు?

3. మొదటి 40 రోజులు గట్టిగా కాపలా కాయండి

ఇంటికి రాగానే "అంతా బాగుంది" అనిపించే రోజులు ఉంటాయి. ఆ రోజులను నమ్మి నిర్లక్ష్యం చేయకండి. ఇవి కనిపిస్తే అపాయింట్‌మెంటు తేదీ వచ్చేదాకా ఆగకుండా న్యూరాలజీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి:

• చెప్పిందే చెప్పడం, అడిగిందే అడగడం
• తెలిసిన దారి తప్పడం, చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోవడం
• చిన్న చిన్న అడుగులు, చేతులు ఊపకుండా నడవడం, వణుకు
• మూత్రం, విరేచనం తెలియకుండా అయిపోవడం
• మాట తగ్గిపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం
• కారణం లేకుండా ఏడవడం, నవ్వడం, అనుమానాలు

మూర్ఛ వచ్చినా, స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా నోటుబుక్కు పక్కనపెట్టి 108కి ఫోను చేయండి.

ఒక సందర్భం అనుకుందాం. తాడేపల్లిగూడెంలో ఒక పెద్దావిడ గీజరు గ్యాసుకు పడిపోయి, కోలుకుని, నాలుగో వారంలో రోజూ పెట్టే కూరలో ఉప్పు వేయడం మర్చిపోతోంది. కోడలు "అత్తయ్యకు వయసైపోయింది" అనుకుంది. కొడుకు "అమ్మకి మనసు బాగాలేదు" అనుకున్నాడు. ఇద్దరికీ తోచింది నిజమే కావచ్చు. కానీ గ్యాసు తగిలిన సంగతి డాక్టరుకు ఎవరూ చెప్పకపోతే ఆయన కూడా అలాగే అనుకుని పంపించేస్తారు. ఇది మీ చేతుల్లో ఉన్న పని. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా మొదటి వాక్యం "ఫలానా తేదీన కార్బన్ మోనాక్సైడ్ తగిలిందండీ" అన్నదే కావాలి.

గ్యాస్ గీజరు గదిలో పడిపోయినవాళ్లను ఫిట్స్ రోగులని పొరబడడం మన దేశంలో జరుగుతూనే ఉంది. మన వైద్యులు ఈ గీజరు ప్రమాదాల గురించి వైద్య పత్రికల్లో రాశారు. స్నానాలగదిలోనే, గీజరు వేసినప్పుడే మొదటిసారి మూర్ఛ వచ్చిందా? అయితే ఆ మాట తప్పకుండా చెప్పండి.

4. గుండెను మరవకండి

అందరూ మెదడు గురించే ఆలోచిస్తారు. గుండె కండరానికి కూడా ప్రాణవాయువు అందలేదు కదా! అమెరికాలోని మినియాపోలిస్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు ఓ మోస్తరు నుంచి తీవ్రంగా విషం తగిలిన 230 మందిని ఏళ్ల తరబడి గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు. మూడోవంతుకు పైగా రోగులకు గుండె కండరం దెబ్బతిన్న గుర్తులు ఉన్నాయి. సగటున ఏడున్నరేళ్ల కాలంలో, గుండె దెబ్బతిన్నవాళ్లలో 38 శాతం మంది చనిపోతే, దెబ్బతిననివాళ్లలో 15 శాతమే చనిపోయారు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. చేయాల్సింది చాలా సులభం. మొదటి రోజు ఈసీజీ, ట్రోపోనిన్ కాగితాలు గుండె డాక్టరుకు ఒకసారి చూపించండి. ఎకో అవసరమా అని అడగండి. బీపీ, షుగరు అదుపులో పెట్టండి. బీడీ, సిగరెట్టు పూర్తిగా మానిపించండి. ఆ పొగలోనూ ఇదే గ్యాసు ఉంది.

5. పరీక్షలు సరైనవి, సరైన భాషలో చేయించండి

"సీటీ స్కాన్ నార్మల్ అన్నారండీ, ఇంకేముంటుంది?" అని చాలామంది అడుగుతారు. మొదట్లో తీసిన సీటీ బాగున్నంత మాత్రాన తర్వాత తేడా రాదని కాదు. మెదడు లోపలి తెల్ల పదార్థంలోనూ, మధ్యనుండే గ్లోబస్ పాలిడస్ అనే భాగంలోనూ వచ్చే మార్పులు ఎంఆర్ఐలో మెరుగ్గా కనిపిస్తాయి. ఎంఆర్ఐ ఎప్పుడు తీయించాలో న్యూరాలజిస్టు చెబుతారు. అదీ బాగుండి, మనిషి మాత్రం బాగోలేకపోతే? మనిషినే నమ్మండి. స్కాన్‌కు కనిపించని తేడా జ్ఞాపకశక్తి పరీక్షలో బయటపడొచ్చు.

ఆ పరీక్ష తెలుగులో జరగాలి. ఇది ముఖ్యం. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషిని ఇంగ్లీషు అక్షరాలు కలపమంటే మెదడు బాగున్నా మార్కులు రావు. భారత వైద్య పరిశోధన మండలి మన భాషల కోసం జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల సంపుటిని తయారుచేయించింది. అందులో తెలుగు ఉంది. "తెలుగులో, ఆయన చదువుకు తగ్గ పరీక్ష చేయిస్తారా?" అని అడగండి. మొదటి నెలన్నరలో ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి అదే పరీక్ష చేయించమని కోరండి. మార్కులు పెరుగుతున్నాయా, తరుగుతున్నాయా అన్నది అప్పుడు తెలుస్తుంది.

గర్భిణికి ఈ గ్యాసు తగిలితే సంగతి వేరు. తల్లి తేరుకున్నా కడుపులోని బిడ్డ రక్తంలోంచి గ్యాసు నెమ్మదిగా పోతుంది. తల్లి బాగుందని ఇంట్లో ఉండిపోకుండా అదేరోజు కాన్పుల డాక్టరుకు చూపించండి.

6. పరిశోధనలు మీరే చదవండి

భయపడకండి. పబ్‌మెడ్ అనే వెబ్‌సైటులో ప్రపంచంలోని వైద్య వ్యాసాల సారాంశాలు ఉచితంగా దొరుకుతాయి. చాలా వ్యాసాలు పూర్తిగానే దొరుకుతాయి. వెతకాల్సిన ఇంగ్లీషు మాటల స్పెల్లింగు మీ డాక్టరుతో చీటీ మీద రాయించుకోండి. డిగ్రీ చదివే మీ అన్నయ్య కూతురో, మేనల్లుడో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ప్రతి వ్యాసాన్నీ నాలుగు ప్రశ్నలు అడగండి:

• ఎలాంటి మనుషులను చూశారు?
• ఎంతమందిని చూశారు?
• ఎంతకాలం గమనించారు?
• మధ్యలో ఎంతమంది రావడం మానేశారు?

ఒక ఉదాహరణ చూద్దాం. దక్షిణ కొరియాలో ఒకప్పుడు ఇళ్లు వెచ్చబెట్టడానికి బొగ్గు దిమ్మెలు వాడేవాళ్లు. విషం తగిలిన కేసులు లెక్కలేనన్ని ఉండేవి. అక్కడి డాక్టరు చోయ్ 2,360 మంది వివరాలు చూసి 1983లో రాసిన వ్యాసంలో ఆలస్యపు నరాల దెబ్బ 65 మందికి వచ్చిందని తేల్చారు. మొత్తం మీద లెక్కిస్తే అది 2.75 శాతం. ఆసుపత్రిలో చేర్చుకోవాల్సినంత తీవ్రంగా తగిలినవాళ్లలో లెక్కిస్తే 11.8 శాతం. ఒకే వ్యాసం, రెండు అంకెలు! ఎవరిలో లెక్కించారో చూడకుండా అంకె ఒక్కటే పట్టుకుంటే అయితే ఉత్తపుణ్యానికి భయపడతాం, లేదా ఉత్తపుణ్యానికి ధైర్యపడతాం. ఆ వ్యాసంలోనే మరో మంచి మాట ఉంది. ఆలస్యపు దెబ్బ తిని, తర్వాత కూడా గమనికలో ఉన్న 36 మందిలో 75 శాతం ఏడాదిలో కోలుకున్నారు. మీ ఇంటి గోడ మీద రాసిపెట్టుకోవాల్సిన అంకె అది.

ఇంకొకటి. ఎక్కువ ఒత్తిడి ఉన్న గదిలో కూర్చోబెట్టి ఇచ్చే ఆక్సిజన్ వైద్యం గురించి మీరు వినే ఉంటారు. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో 152 మంది మీద చేసి 2002లో ప్రచురించిన పరీక్షలో, ఆ వైద్యం పొందినవాళ్లలో 6 వారాలకు ఆలోచనాశక్తి లోపాలు 25 శాతం మందికి, పొందనివాళ్లలో 46 శాతం మందికి ఉన్నాయి. అంతకుముందు 1999లో ఆస్ట్రేలియాలో చేసిన పరీక్షలో మాత్రం మేలు కనిపించలేదు. కాబట్టి ఒక్క వ్యాసం చదివి నిర్ణయానికి రావద్దు. పైగా సాల్ట్ లేక్ సిటీలో ఆ వైద్యం మొదలుపెట్టింది విషం తగిలిన 24 గంటల్లోపు. నాలుగు నెలల తర్వాత "ముప్పై సిట్టింగులు, ప్యాకేజీ ఇంత" అని ఎవరైనా చెబితే, "ఇంత ఆలస్యంగా ఇస్తే పనిచేస్తుందని చూపించే పరిశోధన ఉందా అండీ?" అని అడిగి, జవాబు విన్నాకే డబ్బు కట్టండి.

7. జపాన్ మీకే గని నుంచి నేర్చుకోండి

అన్నిటికన్నా పెద్ద పాఠం జపాన్‌లో ఉంది. 1963 నవంబరు 9న మీకే బొగ్గుగనిలో పేలుడు జరిగింది. 458 మంది చనిపోయారు. 839 మందికి కార్బన్ మోనాక్సైడ్ విషం తగిలింది. బతికినవాళ్లు ఇళ్లకు వచ్చారు. కొన్నాళ్లకు భార్యలకు అర్థమైంది: ఇంటికొచ్చినవాడు గనికి వెళ్లిన మనిషిలా లేడు. మతిమరుపు, ముక్కోపం, పసిపిల్లల తీరు. బయటివాళ్లకు ఒళ్లు బాగున్నట్టే కనిపిస్తుంది. "బద్ధకం" అన్నవాళ్లున్నారు, "నటన" అన్నవాళ్లూ ఉన్నారు.

ఆ ఆడవాళ్లు ఊరుకోలేదు. ఒకచోట కూడారు, చూసింది చూసినట్టు చెప్పారు. 1967లో గని లోపలికే దిగి బైఠాయించారు. ఆ ఏడాదే కార్బన్ మోనాక్సైడ్ బాధితుల కోసం జపాన్ ప్రత్యేక చట్టం చేసింది. మినమాటా పాదరసం వ్యాధిని జీవితాంతం పరిశోధించిన డాక్టర్ హరాదా మసాజుమీ మీకే బాధితులనూ దశాబ్దాలపాటు గమనించారు. ఈ విషం మనిషి జీవితాన్ని ఎంత దూరం వెంటాడుతుందో ప్రపంచానికి తెలిసింది అలాంటి ఓపికైన పరిశీలనల వల్లే.

దీన్నుంచి మీరు తీసుకోవాల్సింది ఏమిటి? మీరు చూసింది చిన్న విషయం కాదు. "ఇంతకుముందులా లేడు" అన్న మీ మాట కూడా సాక్ష్యమే. దాన్ని తేదీలతో రాస్తే తిరుగులేని సాక్ష్యం. ఒకే షెడ్డులో నలుగురికి తగిలిందా? నాలుగు కుటుంబాలూ మాట్లాడుకోండి, ఒకే పద్ధతిలో రాయండి.

8. డాక్టరు దగ్గరికి ఒక్క పేజీతో వెళ్లండి

బయట యాభై మంది కూర్చుని ఉంటారు. మీకు దొరికేది కొద్ది నిమిషాలు. నోటుబుక్కంతా ఆయన చదవలేరు. ఒకే పేజీ రాసుకెళ్లండి: ఏ రోజు, ఎలా తగిలింది, ఎంతసేపు స్పృహ లేదు, ఎప్పటినుంచి ఏ మార్పులు, ఇప్పుడు వాడుతున్న మందులు, మీ మూడు ప్రశ్నలు. మాట ఇలా ఉండొచ్చు:

"డాక్టరు గారూ, మా ఆయనకి ఫలానా తేదీన జనరేటరు గ్యాసు తగిలిందండీ. రెండు వారాలు బాగానే ఉన్నారు. పదహారో రోజునుంచి మర్చిపోతున్నారు, నడక మారింది. అన్నీ ఇందులో రాశానండీ. ఇది ఆ గ్యాసు వల్ల ఆలస్యంగా వచ్చే దెబ్బ కావచ్చా? కాకపోతే ఇంకేం చూడాలి? మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించాలి?"

'ఇది అదే' అని మీరే తీర్పు చెప్పకండి. 'కావచ్చా?' అని అడగండి. బీ12 లోపం, థైరాయిడ్, తలకు తగిలిన దెబ్బ, మందు, కుంగుబాటు వీటిలో ఏదైనా ఇలాంటి లక్షణాలే చూపించొచ్చు. వాటిలో కొన్ని తేలిగ్గా నయమవుతాయి. వాటిని వెతకనివ్వండి.

9. మనసును, పనిని కూడా లెక్కలోకి తీసుకోండి

చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషికి రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. పనికి పనికిరానేమోనన్న బెంగ ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు "బద్ధకం ఎక్కువైంది" అంటే ఆ మనిషి ఇంకా ముడుచుకుపోతాడు. కసురుకోకండి. పనులు చిన్న ముక్కలుగా చెప్పండి, గోడమీద రాసిపెట్టండి, ఒకే వేళకు తిండి, నిద్ర అలవాటు చేయండి. డాక్టరు సరేననేదాకా బండి తాళాలు, చెరువు మీద ఒంటరి కాపలా, స్టార్టరు పని వద్దు. దిగులు ఎక్కువైతే టెలి మానస్ 14416కి ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. పనిచోట జరిగిన ప్రమాదమైతే యజమానికి కాగితం మీద తెలియజేయండి, కార్మిక శాఖ కార్యాలయంలో పరిహారం సంగతి త్వరగా అడగండి. ఒకటో మెట్టులో పోగుచేసిన కాగితాలే అక్కడా పనికొస్తాయి.

అందరూ చేసే పొరపాట్లు

వేలికి పెట్టే ఆక్సీమీటరును నమ్మడం. అది కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ ఉన్నదానిలాగే లెక్కేస్తుంది. 98 చూపిస్తున్నా మనిషి ప్రమాదంలో ఉండొచ్చు.

అన్నిటినీ దీనికే అంటగట్టడం. ఐదేళ్ల తర్వాత వచ్చిన మోకాలినొప్పికి ఆ రాత్రి గ్యాసు కారణం కాదు.

అన్ని గ్యాసులనూ ఒకటే అనుకోవడం. సెప్టిక్ ట్యాంకులో, మురుగు గుంటలో చంపేది ఎక్కువగా హైడ్రోజన్ సల్ఫైడ్, ప్రాణవాయువు లేకపోవడం. వాటి గురించి వెతకాల్సిన వ్యాసాలు వేరు.

మూలాన్ని అలాగే వదిలేయడం. ఇది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మనిషిని బాగుచేసుకుని మళ్లీ అదే గదిలో పడుకోబెడితే ఏం లాభం? జనరేటరును పడకగదికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం గదికి ఎదురు దిక్కుకు తిరిగేలా పెట్టించండి. గ్యాస్ గీజరును స్నానాలగది బయట, గాలి ఆడేచోట పెట్టించండి. బాలింత గదిలో కుంపటి మానేయండి, దుప్పట్లు చాలు. కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనేటప్పుడు పేరు చూసి కొనండి. వంటగ్యాసు లీకు అలారం వేరు, పొగ అలారం వేరు. అవి దీన్ని పట్టుకోలేవు.

ఈరోజే చేయాల్సిన మూడు పనులు

ఒకటి, ఒక నోటుబుక్కు తెచ్చి, ప్రమాదానికి ముందు ఆయన ఎలా ఉండేవాడో మొదటి పేజీ రాయండి. రెండు, ఆసుపత్రికి రికార్డుల దరఖాస్తు రాయండి. మూడు, ఆ తేదీనుంచి 40 రోజులు, 6 నెలలు, ఏడాది ఎప్పటికి నిండుతాయో లెక్కగట్టి క్యాలెండరులో గుర్తుపెట్టండి.

ఇవి చేయడానికి గంట కూడా పట్టదు. కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు, కొందరికి ఏళ్లు పట్టొచ్చు. కానీ ఆలస్యంగా దెబ్బ బయటపడినవాళ్లలో చాలామంది కోలుకుంటారని పరిశోధనలే చెబుతున్నాయి. మీరు ముందుగా గమనించి, ముందుగా చూపిస్తే వైద్యం ముందుగా మొదలవుతుంది. కాబట్టి పెన్ను తీయండి. ఈరోజు తేదీ వేయండి.